నూటికి నూరు పచ్చ గుర్తులు

తిరుపతిలో ప్రైవేటు డిటెక్టివ్ పంకజాక్షి ఆఫీసు తెరిచేసరికి, చిత్తూరు నుంచి తొలి బస్సుకు వచ్చిన టైలర్ ఇద్రీస్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పద్నాలుగేళ్ల కూతురు రుహీ.

"నా బిడ్డను దొంగ అంటాండారు మేడమ్," అన్నాడు. "చదరంగంలో గెలిచిందే తప్పయిపాయ. రేపటికి తేలకపోతే రాష్ట్ర జట్టులో దాని చోటు రూపేష్‌కు ఇచ్చేస్తారంట."

రూపేష్ రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ ఫైనల్లో రుహీ చేతిలో ఓడిన కుర్రాడు. ఆట ముగియగానే అతని కోచ్ రాజారత్నం, రుహీ దొంగచాటుగా ఫోను చూసి ఆడిందని అరిచాడు. నిండు హాల్లో ఆ పిల్ల దుపట్టా లాక్కుని, అంచు కుట్టు విప్పి మరీ వెతికాడు. ఏమీ దొరకలేదు. దొరకనంత తెలివిగా దాచిందన్నాడు! దొరికితే దొంగ, దొరక్కపోతే గజదొంగ. ఏం న్యాయమో!

పంకజాక్షి సహాయకురాలు ఎస్తేరు దుపట్టా చేతిలోకి తీసుకుంది. అంచు ఇంకా వేలాడుతూనే ఉంది.

"టైలరై ఉండి కుట్టలేదేం?"

"నేను కుట్టను మేడమ్. విప్పినోళ్లే కుట్టల్ల."

ఆ మధ్యాహ్నమే పంకజాక్షీ ఎస్తేరూ, పిల్లను చేర్పించే వంకతో రాజారత్నం అకాడమీకి వెళ్లారు. ఆయన హుషారుగా కంప్యూటర్ తెరిచాడు.

"దీన్ని టేబుల్‌బేస్ అంటారమ్మా. బోర్డు మీద ఏడు పావులో, అంతకు తక్కువో మిగిలితే చాలు, ఎవరు గెలుస్తారో ముందే లెక్కగట్టి పెట్టినారు. ఇదో సూడండి, ఈ ఆటలో ఇంకా పన్నెండెత్తుల్లో గెలుపు. దగ్గరి దారి కూడా ఇదే చెప్తాది."

పంకజాక్షి తలూపి లేచింది. "ఏం దొరికిందక్కా?" అని ఎస్తేరు దారి పొడుగునా అడుగుతూనే ఉంది.

మర్నాడు చదరంగ సంఘం అధ్యక్షుడు నారాయణ అందరినీ హాలుకు పిలిపించాడు. రాజారత్నం తెర మీద ఫైనల్ ఆట పెట్టాడు. చివరి ఘట్టంలో రుహీ ఆడిన ప్రతి ఎత్తు పక్కనా పచ్చ గుర్తు వెలిగింది.

"నూటికి నూరు! టేబుల్‌బేస్ చెప్పినట్టే ఆడింది. దర్జీ కూతురికి ఇంత లెక్క యాడనుంచి వస్తాది?"

పంకజాక్షి ముఖం జేవురించింది. "రూపేష్ ఎత్తులు కూడా పెట్టండి."

"వాడు ఓడిపోయినాడు గదా!"

"అయినా పెట్టండి."

పెట్టాడు. అన్నీ పచ్చవే. హాలంతా గొల్లున నవ్వింది.

"ఇదే కొలతైతే ఓడినవాడూ దొంగే," అంది పంకజాక్షి. "టేబుల్‌బేస్‌లో రెండు రకాల ఫైళ్లుంటాయి. చిన్నవి గెలుపా, ఓటమా, డ్రానా అని మాత్రమే చెబుతాయి. ప్రోగ్రాం ఆలోచించేటప్పుడు మాటిమాటికీ చూసుకోవాలి కాబట్టి వేగం కోసం అవి వాడతారు. గెలుపు ఎంత దూరమో, దగ్గరి దారేదో చెప్పేవి పెద్ద ఫైళ్లు. ఈయన చిన్నవే పెట్టాడు. ఓడే ఆటలో ఏం ఆడినా ఓటమే. గెలిచే ఆటలో గెలుపు చెయ్యిజారనంతవరకూ ఏ ఎత్తయినా గెలుపే. ఫలితం మారకపోతే చాలు, పచ్చ గుర్తే! ఇప్పుడు పెద్ద ఫైళ్లు కూడా పెట్టండి సార్."

"అవి... మా దగ్గర లేవు."

"మరి నిన్న పన్నెండెత్తుల్లో గెలుపని నాకు దేంతో చూపించారు?"

నారాయణ గద్దించాక రాజారత్నం ఆ ఫైళ్లు కలిపాడు. రుహీ పచ్చ గుర్తుల్లో సగానికి పైగా మాయమయ్యాయి. యంత్రం తిన్నగా వెళ్లమన్న చాలా చోట్ల ఆ పిల్ల భయపడుతూ, జాగ్రత్తగా చుట్టు తిరిగి వెళ్లింది.

"ఫోను చూసి ఆడేవాళ్లు ఇంత చుట్టుదారి పడతారా? మీ శిష్యుణ్ణి పంపాలని, తెలిసి తెలిసి ఆ ఫైళ్లు తీసేశారు. సిగ్గులేకుండా ఒక పసిపిల్ల మీద దొంగ ముద్ర వేశారు."

జట్టుతో రుహీయే వెళ్తుందని నారాయణ ప్రకటించాడు. రాజారత్నం తల వంచుకుని, "సారీ పాపా," అని గొణిగాడు.

రుహీ లేచి దుపట్టాను ఆయన ముందున్న బల్ల మీద పరిచింది.

"సారీ నాకొద్దు సార్. అందరి ముందర విప్పినారు. అందరి ముందరే కుట్టండి."

ఇద్రీస్ తన చొక్కా కాలరుకు గుచ్చి ఉన్న సూది తీసి, దారం ఎక్కించి, బల్ల మీద పెట్టాడు. అంచు మొత్తం కుట్టడం అయ్యేదాకా హాల్లోంచి ఎవ్వరూ కదల్లేదు.