బండొచ్చిందా సారూ

2019 ఆగస్టు 3, శనివారం. మూడు రోజుల ముసురు పొద్దున కాస్త తెరిపిచ్చి, మధ్యాహ్నానికి మళ్లీ పట్టింది. మా దవాఖాన రికార్డు గదిలో పట్టపగలే లైటు వేసుకున్నాను.

రిటైరయ్యాక అక్కడే కాంట్రాక్టు మీద ఉన్నాను. రోగి కాగితాలు చూసి, జబ్బుకు తగిన నంబరు కంప్యూటరులో వేయడం నా పని. ఎప్పుడో నల్లగొండలో బి.ఏ. చదివినవాణ్ణి, ఆ నంబర్ల పుస్తకాన్ని నవలలా చదివేవాణ్ణి. మంచం మీంచి పడితే ఒకటి, కుక్క కరిస్తే ఒకటి. జెడ్ 75.1 చిత్రమైనది. వేరే దవాఖానలో చోటు కోసం ఎదురుచూస్తున్న మనిషి అని దానర్థం. జబ్బు కాదది, ఆలస్యం. పంపడంలో ఎంత జాప్యమైందో పైవాళ్లకు తెలిసేది దానితోనే. సరే, సంగతికొస్తాను.

అచ్చంపేట దగ్గర పల్లిచేనులో కురుమయ్యను పాము కరిచింది. బిడ్డ గ్లోరీ స్కూటీ మీద ముప్పావుగంటలో తెచ్చింది. అప్పుడు టైము 9:10. సూదులేశారు. శ్వాస మిషను మా దగ్గర లేదు, పెద్దదవాఖానలో ఖాళీ లేదు. అక్కడికి తీసుకుపోయే బండి కోసం వరండాలో స్ట్రెచర్ మీద ఆరు గంటలు పడుకోబెట్టారు. రెప్పలు వాలిపోతుంటే వేలితో ఒక రెప్ప ఎత్తి, నేను అటు పోయినప్పుడల్లా అడిగాడు.

"బండొచ్చిందా సారూ?"

"వస్తాంది పెద్దాయనా."

మూడుంబావుకు ప్రాణం పోయింది.

డాక్టరు కమలాకర్ నా గదికి వచ్చాడు. "జెడ్ గిడ్ రాయకు. నీ కాంట్రాక్టు వచ్చే నెలనే అయిపోతది గద పెద్దమనిషీ?" అని నవ్వాడు.

జెడ్ 75.1 తీసేశాను. వచ్చిన టైము 9:10ని 2:40 చేశాను. 'ఆలస్యంగా తెచ్చారు' అని రాసి ముద్ర కొట్టాను.

కాగితం అందుకుంటూ గ్లోరీ అడిగింది. "మేం ఎదురుచూసింది రాసిండ్రా సారూ? లేకుంటె అన్న నన్నే అంటడు."

"అంతా రాసిన బిడ్డా."

ఆమె పోయింది. కరెంటూ పోయింది. గదిలోకి తడిమట్టి వాసన, పచ్చి పల్లికాయ వాసన. వరండాలో స్ట్రెచర్ చక్రం కీచుమంది... ఆగింది... మళ్లీ కీచుమంది. నా గుమ్మం దగ్గర ఆగిపోయింది. నేను వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఆరిపోయిన కంప్యూటరు అద్దంలో ఎవరో వేలితో రెప్ప ఎత్తుతున్నారు.

"బండొచ్చిందా సారూ..."

"రాలే..." అన్నాను.

"రాలేదా... రాయలేదా?"

చెప్పులు వదిలేసి వానలోకి ఉరికాను. సోమవారం మళ్లీ డ్యూటీకి పోయాను. కాగితం మాత్రం దిద్దలేదు. గ్లోరీ ఇల్లెక్కడో తెలుసు, అయినా నోరు విప్పలేదు.

ఆ కాగితాన్నే ఊరి పెద్దమనుషుల ముందు పెట్టి, బాపును ఆలస్యం చేసి చంపింది గ్లోరీయే అన్నాడట ఆమె అన్న విజేందర్. రెండెకరాల చేను, బోరు విజేందర్‌కు పోయాయి. స్కూటీ అతని బామ్మర్దికి. గ్లోరీకి ఏమీ రాలేదు. నాకు మూడేండ్ల కాంట్రాక్టు వచ్చింది.

ఇంకొకటి కూడా వచ్చింది. పోయిన నెల హాలియాలో, మోకాలి నొప్పికి సాయంత్రం పూట దవాఖానకు పోయాను. చేతికిచ్చిన చీటీలో నా పేరు కింద జెడ్ 75.1 ఉంది. వచ్చిన టైము 9:10.

కౌంటరు పిల్ల నవనీత చీటీని కంప్యూటరుతో సరిచూసింది. "గిది నేను కొట్టలే తాతా," అంది. "ఎక్కడికి పంపాల్నో... గా గడి ఖాళీ ఉంది."