నిప్పు కనపడని చుట్ట

గొలుగొండ రోడ్డులో జీడితోటల మలుపుకి అప్పట్లో మంచి పేరు లేదు. చెడ్డపేరు మాత్రం నర్సీపట్నం ఆటో స్టాండు దాకా పాకింది. మలుపు పక్కనే సమాధులు. చీకటి పడ్డాక అక్కడ చుట్ట వాసన వేస్తుందని, పొగ కూడా లేస్తుందని, కానీ... నిప్పు మాత్రం ఎక్కడా కనపడదని చెప్పుకునేవారు.

తొంభై తొమ్మిది నాటి మాట. ఈ సంగతి చెప్పింది షేర్ ఆటో తోలే మత్స్యలింగమే. తన పరువు తానే తీసుకుంటూ చెప్తాడు. మనం నవ్వకపోతే ఊరుకోడు.

పగలు స్టాండులో అతనంత ధైర్యస్థుడు లేడు. దెయ్యం చెయ్యెత్తితే ఎక్కించుకుని గొలుగొండలో దింపుతానని కోతలు కోసేవాడు. ఆ మలుపు వచ్చేసరికి మాత్రం హారన్ మీద చెయ్యి, నోట్లో ఆంజనేయ దండకం. దండకం సగమే వచ్చు. ఆ సగాన్నే రెండుసార్లు చదివేవాడు.

అసలు భయం దెయ్యానిది కాదు. వాళ్ల కులంలో పోయినవాళ్లని పూడుస్తారు. ఆ సమాధుల్లో ఒకటి వాళ్లమ్మ దేవుడమ్మది. కర్మలు ముగిసే పెద్దదినం నాడు అన్నం పెట్టి వచ్చాక ఏడాదిగా అటు తొంగిచూడలేదు. పోయే ముందురోజు ముసల్ది రెండు చుట్టలు తెమ్మంది. రాత్రంతా దగ్గుతున్నావు, తేను పో అని కసురుకుని ఆటో తీశాడు. తెల్లారేసరికి ఆవిడ లేదు. ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

ఓ మంగళవారం, ఏడు దాటింది. ఖాళీ ఆటోతో ఇంటికెళ్తున్నాడు. సరిగ్గా ఆ మలుపులోనే... క్లచ్ వైరు తెగింది.

దిగాడు. తోసుకుపోదామని చెయ్యి వేశాడు. అప్పుడు తగిలింది — చుట్ట వాసన.

తల తిప్పకూడదనుకుంటూనే తిప్పాడు. సమాధి పక్కన ముసుగేసుకుని ఓ ఆడమనిషి కూర్చునుంది. నోట్లోంచి పొగ వస్తోంది... నిప్పు లేదు.

ఇంకెవరైనా అయితే ఏదో దెయ్యమనుకుని హాయిగా పరిగెత్తేవారు. మత్స్యలింగానికి ఆ అదృష్టం లేదు. వాళ్లమ్మ కాల్చేది అడ్డపొగ. మనవైపు చాలామంది ముసలమ్మల్లాగే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చేది. ఇక నిప్పెలా కనపడుతుంది? ఆ సమాధి కూడా ఆవిడదే.

కన్నతల్లి దగ్గర్నుంచి ఎక్కడికని పారిపోతాడు? లుంగీ జారుతున్నా చూసుకోకుండా వెళ్లి బోర్లా పడ్డాడు. ఆ పడటం కూడా పక్కవాళ్ల సమాధి మీద పడ్డాడట.

"అమ్మా... సుట్టలు తేనన్నాను. తప్పయిపోనాది. తిట్టు... కొట్టు... ఇలాగ ఊరుకోకే."

చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఎవరో తుపుక్కున చుట్ట ఊసిన చప్పుడు.

"లెగు మావా... నాను."

లోవలక్ష్మి. వాళ్లావిడే. నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడటం ఎలా, అందుకే పలకలేదట. జీడిపిక్కలు కొట్టే పని నుంచి ఇంటికెళ్తూ వారానికో రోజు ఇక్కడ ఆగుతుందట. అత్తకి ఇష్టమని చుట్ట ముట్టించి పెట్టేది. ముట్టించాలంటే తను నాలుగు దమ్ములు లాగాలి కదా, అదే అలవాటయిపోయింది. ఊళ్లోవాళ్లు నవ్వుతారని చీకటి పడ్డాకే వచ్చేది.

మత్స్యలింగం నోరెళ్లబెట్టాడు. అత్తాకోడళ్లకి పద్దెనిమిదేళ్లలో ఒక్క పూట పడింది లేదు. మరెందుకు వస్తున్నావని అడిగాడు.

"ఇంట్లో నాతో దెబ్బలాడీది ఎవులున్నారు? నీకు తిట్టడం కూడా రాదు. ఇక్కడికొచ్చి రెండు మాటలనేసి పోతాను. లేపోతే నాకు వారం గడవదు" అంది. చివరికొచ్చేసరికి ఏడ్చేసింది.

కొంగుతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా చెప్పింది.

"అత్త పోయిన రేత్రి సుట్టలు నాను తెచ్చిచ్చినాను. రెండూ కాల్సింది."

మత్స్యలింగం జారిన లుంగీ సర్దుకున్నాడు.

"మరి... నన్నేటన్నాది?"

"తిట్టింది. నిన్ను తిట్టింది, నీ ఆటోని తిట్టింది... తిట్టి తిట్టి, ఆడు అన్నం తిన్నాడేటే అనడిగి పడుకుంది."