పదహారో ఎర్ర ముక్క

అన్యాయం జరిగింది గంగులమ్మకు. 2021 మే పద్నాలుగో తేదీ, శుక్రవారం పొద్దున. చేసింది ఆమె కోడలు ప్రసన్నకుమారి. ఈ మాట ముందే చెప్పేయడం మేలు. ప్రసన్నకుమారి నోట వింటే ఈ కథలో తప్పు చేయనిది ఆమె ఒక్కతే అవుతుంది.

గంగులమ్మ ఏర్పేడులో బొంతలు కుట్టేది. పాత చీరలు, పాత పంచెలు తీసుకుపోయి ఇస్తే పది రోజుల్లో మెత్తటి బొంత చేసి ఇచ్చేది. చుట్టుపక్కల పుట్టిన చంటిబిడ్డల్లో సగం మంది ఆమె బొంతల మీదే బోర్లాపడ్డారు. ఆమెకు రెండు అలవాట్లు. కుట్టు తప్పితే దారం తెంచేది కాదు. సూదిమొనతో ఒక్కొక్క కుట్టే విప్పి, ఆ దారాన్ని కాలిపోయిన అగ్గిపుల్లకు చుట్టి దాచేది. రెండోది, అక్షరం రాకపోయినా అంకెలు వచ్చు గనక, బొంత ఏ రోజు ఎవరి చేతికి ఇస్తుందో ఆ తేదీని ఒక మూల నల్లదారంతో కుట్టేది.

ఆమెకు చలి అంటే భయం. మే నెల ఎండలో కూడా దుప్పటి కప్పుకుని ఆకూ వక్కా నములుతూ కూర్చునే మనిషి. వెంకటగిరి నేత చీర ఒకటి, ముదురు ఎరుపుది, ఉతికి ఉతికి వెన్నలా అయినది, కోడలి చేతిలో పెట్టి చెప్పింది: "నేను పోతే దీన్నే కప్పండే. ఒట్టిగా పంపీవద్దు. నాకు సలి."

కరోనా వచ్చింది. ఆసుపత్రిలో నాలుగో రోజు పోయింది. వార్డు మనిషి బయటికొచ్చి, మాస్కులోంచే అడిగాడు. "లోపల కప్పేదానికి గుడ్డ ఏమన్నా ఉంటే ఈమ్మా. కవరు కట్టేస్తాం."

చీర ప్రసన్నకుమారి భుజాన ఉన్న సంచిలోనే ఉంది.

"ఏమీ లేదప్పా," అంది.

భయమో, మంచి చీర ప్లాస్టిక్కులో పెట్టి కాల్చడం ఎందుకనో... ఆమెకే తెలియాలి. మొగుడు మునిచంద్రకు మాత్రం "వాళ్లు కప్పనీలేదు" అని చెప్పింది. చీర బీరువా అడుగుకు పోయింది.

నాలుగున్నరేళ్లు గడిచాయి. నవంబరు. తుపాను వాన మూడు రోజులుగా వదలకుండా పడుతోంది. ప్రసన్నకుమారి కూతురు భానుప్రియకు తిరుపతిలో ఆపరేషన్ చేసి ఆడబిడ్డను తీశారు. బిడ్డ రెండు కిలోల వంద గ్రాములు. డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది: ఒంట్లో వేడి పోకూడదు, చలి తగిలిందంటే నా దగ్గరికి తీసుకొచ్చే టైము కూడా ఉండదు. ఆదివారం ఇంటికి పంపుతామన్నారు. మెత్తటి బొంత కావాలి. మెత్తటి బొంత ఒక్కటే అయితే ఏ బాధా లేకపోయేది.

"మా, మూడే రంగులు," అంది భానుప్రియ ఫోనులో. "ఎరుపు, నలుపు, తెలుపు. అప్పుడే పుట్టిన బిడ్డలకు అవే కనిపిస్తాయంట. ఫోనులో చూసినాను. చాలా ఈజీ మా, చదరాలు కత్తిరించి కుట్టేయడమే."

"ఈజీ అయితే నువ్వే పడుకోని కుట్టకూడదా? పసిబిడ్డకు నలుపేందే?"

"నాయన అయ్యప్పమాల పంచె ఉండాదిగా. స్వామి గుడ్డ. దిష్టి కూడా తగల్దు."

ఆ పిల్లకు అన్నిటికీ జవాబుంటుంది. అది తల్లి పోలికే.

ప్రసన్నకుమారికి ఇంట్లోనే మిషను ఉంది. జాకెట్లు కుడుతుంది, కాలేజీ పిల్లల ప్యాంట్లు పొట్టి చేసి ఇస్తుంది. ఏడు వరసలు, వరసకు ఏడు చదరాలు. నల్లవి పదిహేడు, తెల్లవి పదహారు, ఎర్రవి పదహారు. నాలుగు మూలలా నలుపే. నలుపుకు మొగుడి మాల పంచె, తెలుపుకు పాత పంచె. ఎరుపుకు అంగడి నుంచి మీటరున్నర కొత్త గుడ్డ తెచ్చింది. శుక్రవారమంతా కూర్చుని కుట్టి, రాత్రి నీళ్లలో ముంచి తీసింది. ఎరుపంతా తెలుపులోకి దిగింది. బొంత కాదు, జాతరలో నెత్తురన్నం పొలి చల్లిన చోటులా ఉంది.

"రంగు పోదక్కా, నాదీ గ్యారంటీ అన్న్యాడే!" అని అంగడివాణ్ణి వాడి ఏడు తరాలతో కలిపి తిట్టింది. శనివారం పొద్దున మళ్లీ మొదటి నుంచి. పంచెల్లో మిగిలిన గుడ్డతో నలుపు, తెలుపు సరిపోయాయి. ఎరుపే లేదు.

పక్కింటి శకుంతలమ్మ గొడుగు మూసుకుంటూ వచ్చి, తడిసిన చదరాలను చూసి పెదవి విరిచింది. "కొత్త గుడ్డ ఎవురన్నా పెడతారా మే చంటిబిడ్డకు? పెద్దోళ్లు కట్టి నలిపిన గుడ్డ పెట్టల్ల. వాళ్ల ఆయుస్సు బిడ్డకొస్తాది. పోయినోళ్ల గుడ్డ మాత్రం వద్దు."

"పెద్దోళ్లను నేను యాడ తెచ్చేది, నువ్విస్తావా?"

"నాకు ఎర్రది లేదు తల్లీ. ఉండింటే ఇచ్చేదాన్నే," అని శకుంతలమ్మ వెళ్లిపోయింది.

ఎర్రది ఎక్కడుందో ప్రసన్నకుమారికి తెలుసు. బీరువా తలుపు తెరిచి కాసేపు నిలబడింది. కట్టి నలిపినదే కదా. డెబ్బై ఆరేళ్లు బతికిన మనిషిదే కదా. కప్పి పంపలేదు కాబట్టి పోయినోళ్ల గుడ్డ కిందికి రాదు కదా. తప్పు చేసినవాళ్లకు లెక్కలు భలే తొందరగా కుదురుతాయి. చీర కొంగు నుంచి జానెడు జానెడు పదహారు ముక్కలు కత్తిరించింది. ఒకటి నీళ్లలో ముంచి పిండింది. చుక్క రంగు దిగలేదు.

"ఇదీ గుడ్డంటే," అంది.

మధ్యాహ్నం నాలుగింటికి నలభై తొమ్మిది చదరాలూ ఒక్కటయ్యాయి. ఎంత బాగా వచ్చిందంటే ఆమెకే నవ్వొచ్చింది. కాఫీ పెట్టుకుందామని వంటింట్లోకి పోయింది.

తిరిగొచ్చేసరికి మూడో వరసలో ఒక కన్నం.

ఎర్ర ముక్క ఒకటి విడిపోయి, నాలుగు మడతలు పడి, మిషను బల్ల మీద ఉంది. "ఈ మిషన్ని తీసుకుపోయి ఏట్లో పారేయల్ల," అని గొణుక్కుంటూ మళ్లీ కుట్టింది. ఈసారి రెండు వరసల కుట్టు వేసింది. లాగి చూసింది. గట్టిగా ఉంది.

పాలావిడ వస్తే గుమ్మం దాకా పోయి పాలు పోయించుకుంది. రెండు నిమిషాలు. వచ్చి చూస్తే మూడు కన్నాలు. మూడు ఎర్ర ముక్కలు, ఒకదాని మీద ఒకటి, అంచులు కలిపి. తెల్లవి కదల్లేదు. నల్లవి కదల్లేదు.

ఈసారి ఆమెకు కోపం కన్నీళ్ల దాకా వచ్చింది. నడుము పట్టేసింది. కళ్లు లాగుతున్నాయి. పొద్దున్నించి తిన్నది రెండు ఇడ్లీలు. రేపు బిడ్డ వచ్చేస్తుంది, అక్కడ మొగుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని "అయిపోయిందా, అయిపోయిందా" అని గంటకోసారి ఫోను. "అయిపోయింది, నా ప్రాణమే అయిపోయింది!" అని అరిచి ఫోను మంచం మీదకు విసిరింది. ఎలుకా? ఎలుక కొరుకుతుంది, మడత పెట్టదు. తెగిన దారం ఏమైనా ఉందేమో అని మిషను కింద చెయ్యి పెట్టి వెతికింది.

దారం తెగలేదు.

మూడు అగ్గిపుల్లలు దొరికాయి. కాలిన అగ్గిపుల్లలు. వాటికి చుట్టి ఉంది దారం, నున్నగా, ఒక పోగు మీద ఇంకో పోగు ఎక్కకుండా.

ఆ ఇంట్లో అగ్గిపెట్టె వాడడం మానేసి మూడేళ్లయింది. గ్యాసుకు లైటరే.

అప్పటికి వాన ముదిరింది. దీపాలు పెట్టే వేళ. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు గానీ ఇంట్లో మూలలు కనిపించడం మానేశాయి. కరెంటు పోయింది. ఊరంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టు ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. ప్రసన్నకుమారి ఫోను వెతికి టార్చి వేసి, కిటికీలో ఆనించింది. మొండిది. మిగతావాళ్లయితే శకుంతలమ్మ ఇంటికి పరిగెత్తేవాళ్లు. ఈమె బొంతను ఒళ్లోకి లాక్కుని, సూదిలో దారం ఎక్కించుకుని నేల మీద కూర్చుంది.

"నా ఒళ్లోనుంచి ఎట్ట విప్పుతావో సూస్తా," అంది. ఎవరితో అంటోందో తనకే తెలియదు.

ముందు వాసన వచ్చింది. ఆకూ వక్కా వాసన. దాని వెనకే ఇంకోటి, ముక్కులో గుచ్చేది, ఆసుపత్రిలో చేతులకు రుద్దుకునే స్పిరిట్టు వాసన.

తర్వాత చప్పుడు. గరగర... గరగర... వసారాలో ప్లాస్టిక్ పట్ట గాలికి కొట్టుకుంటోంది అనుకుంది. రెండు ముక్కలు కుట్టేదాకా అలాగే అనుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. పట్ట లేదు. వానకు తడవకుండా తన ఆటోకు కట్టుకుని మునిచంద్ర పొద్దున్నే తీసుకుపోయాడు.

గరగర...

వసారాలో కాదు. ఇంట్లోనే. పడుకున్న మనిషి ఒత్తిగిలినప్పుడు కవరు మడతపడినట్టు...

ఆమె వెనక్కి తిరగలేదు. సూది ఆపలేదు. చేతులు చల్లబడ్డాయి. తర్వాత మోకాళ్లు. ఒళ్లో బొంత ఉన్న చోట మరీ చల్లగా ఉంది, ఐసు ముక్క పెట్టుకున్నట్టు.

టిక్.

చిన్న చప్పుడు. కుట్టు విడిచిన చప్పుడు. ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన చెవులకు ఆ చప్పుడు తెలియకపోవడం ఉండదు.

టిక్... టిక్...

ఆమె ఒళ్లోనే. ఆమె రెండు చేతుల మధ్యే. టార్చి వెలుతురులో చూస్తుండగా ఎర్ర ముక్క అంచున దారం ఒక్కొక్క కుట్టే పైకి లేస్తోంది. సూది లేదు. వేలు లేదు. దారం మాత్రం లేస్తోంది... తొందర లేకుండా... తెగకుండా...

"ఎవురు?" అంది.

చెవి దగ్గరే ఊపిరి. అది వెచ్చగా లేదు.

"సలి..."

"అత్తా..."

"సలిగా ఉండాదే, ప్రసన్నా..."

నోరున్న మనిషి. అంగడివాడి ఏడు తరాలను తిట్టిన మనిషి. నాలుగున్నరేళ్లుగా మొగుడికి, కూతురికి, తనకు తాను చెప్పుకున్న అబద్ధం ఒక్కటి కూడా ఆ క్షణాన నోటికి రాలేదు.

"చీర నా సంచిలోనే ఉండింది అత్తా," అంది. "అడిగినారు. నేనే లేదన్నాను."

టిక్ ఆగింది.

"నీ చీర నీకిచ్చేస్తా. అంతా ఇచ్చేస్తా. రేపు పొద్దున్నే. బిడ్డ జోలికి రావద్దు అత్తా... అది రెండు కిలోల బిడ్డ... దానికీ చలే..."

గరగర ఒక్కసారి, దూరంగా. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఎర్ర ముక్కలన్నీ ఆమె ఒళ్లో మడతపెట్టి ఉన్నాయి, బొంతలో పదహారు కన్నాలు.

ఆ రాత్రి ప్రసన్నకుమారి ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేసుకుని, పదహారు కన్నాల్లోనూ తెల్ల ముక్కలే వేసి కుట్టింది. పొత్తిళ్ల కోసం దాచిన పంచె కూడా కత్తిరించాల్సి వచ్చింది. ఒక్క కుట్టు కూడా విడలేదు. నలుపు, తెలుపు. ఎరుపు లేదు. భానుప్రియ సణిగితే సణగనీ.

తెల్లవారి, మిగిలిన చీరా ఎర్ర ముక్కలూ పసుపుగుడ్డలో మూటకట్టి స్వర్ణముఖి ఒడ్డుకు పోయింది. ఏరు ఎర్రగా, నిండుగా పోతోంది. వదిలే ముందు ముక్కలు లెక్కపెట్టింది. పదిహేను. మళ్లీ లెక్కపెట్టింది. పదిహేను. ఇంటికి పోయి మిషను కింద, మంచం కింద, బీరువాలో, చెత్తబుట్టలో వెతికి, శకుంతలమ్మను కూడా అడిగి, తిట్టుకుంటూ మళ్లీ ఏటికి పోయింది. పదిహేనే. నీళ్లు పెరుగుతున్నాయి. మూట వదిలేసింది.

"అంతా ఇచ్చేసినాను అత్తా," అంది. ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఆటో వచ్చింది. శకుంతలమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. మునిచంద్ర బిడ్డను గాజుబుడ్డిని మోసినట్టు మోసుకొచ్చాడు. మంచం మీద బొంత పరిచి, దాని మీద పడుకోబెట్టారు. బిడ్డ కళ్లు తెరిచింది. గళ్ల వైపే చూసింది.

"సూడు మా, కనిపిస్తాండాది దానికి!" భానుప్రియ నవ్వింది. "ఎరుపు పెట్టలేదేమో అనుకున్నా. ఈ మూల ఒకటి పెట్టినావే. బాగుండాది."

ప్రసన్నకుమారి చేతిలో వేణ్ణీళ్ల గ్లాసు ఉంది. కింద పెట్టింది.

నాలుగు మూలలా నలుపే వేసింది. తన చేత్తో వేసింది. ఇప్పుడు బిడ్డ పాదాల దగ్గర మూల ఎర్రగా ఉంది. మిషను కుట్టు కాదు. చేతి కుట్టు, చీమల బారులా సన్నది. పక్కనే దిండు కింద నుంచి అగ్గిపుల్ల కొస కనిపిస్తోంది.

"అయితే తేదీ తప్పు కుట్టినావు మా," అంది భానుప్రియ, వంగి చూస్తూ. "ఈ రోజుది గదా ఏయల్ల. ఇది ఇంకా రాలేదు గదా."

బిడ్డ పాదం ఆ మూలకు తగిలి ఉంది. ప్రసన్నకుమారి దాన్ని మెల్లగా పక్కకు జరిపింది. పాదం చల్లగా ఉంది. ఎర్ర ముక్క మీద, నల్లదారంతో, అక్షరం రాని మనిషి కుట్టే వంకర అంకెల్లో:

14–5–2027