మీ సరుకు మీకే

మేనేజర్ కాఫీ గ్లాసు ఎత్తబోతుండగా బల్ల మీద ఓ పొట్లం వచ్చి పడింది.

"ఏంటండీ ఇది?"

"మీ సరుకు. మా డాబా మీద పడింది. పరాయి సొమ్ము మాకెందుకని తిరిగిచ్చేద్దామని వచ్చాను."

విప్పి చూస్తే పిండిలాంటి రాతి దుమ్ము. ఎదురుగా హెల్మెట్ చంకలో పెట్టుకుని ఓ అమ్మాయి మండిపడుతూ నిలబడి ఉంది. రోడ్డుకి అవతలున్న ఆసుపత్రి డాబా మీద సోలార్ ప్యానెళ్లు బిగించిన ఇంజనీరు. ఇటు కొండను తవ్వి కంకర కొట్టే క్రషర్ ఇతని బాబాయిది.

"రోజూ ఇంత పడుతుందాండీ?"

"ఇది ఒక్క ప్యానెల్‌ది. అరవై ఉన్నాయి. మిగతాది లారీలో పంపమంటారా?"

అతనికి నవ్వొచ్చింది. నవ్వకూడని చోట నవ్వడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆమె విసవిసా వెళ్లిపోయింది.

మర్నాడూ పొట్లం వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. క్రషర్ పనివాళ్లు ఆమెకు ఎండమ్మ అని పేరు పెట్టేశారు. మూడో వారానికి మేనేజర్ తొమ్మిదింటికల్లా తల దువ్వుకుని గేటు వైపు చూడటం మొదలుపెట్టాడు. దుమ్ము వస్తుందని అద్దం చూసుకున్న మగాడు లోకంలో ఇతనొక్కడే అయ్యుంటాడు.

ఇరవై తొమ్మిదో రోజు ఎండమ్మ తిట్టలేదు. కుర్చీలో కూలబడింది.

"రేపే ఆఖరి రోజండీ. నెలలో రెండు వేల యూనిట్ల కరెంటు తీసి ఆసుపత్రి వాళ్లకి చూపించాలి. ఇవాళ్టిది కలుపుకున్నా ఇంకా ఎనభై తక్కువ. మీ దుమ్ముతో రోజుకి డెబ్బై దాటడం లేదు. రాకపోతే ప్యానెళ్లు దింపేసి డీజిల్ జనరేటర్ పెడతారు. నన్ను వేరే ఊరు పంపేస్తారు."

మేనేజర్ గుండెల్లో రాయి పడింది. క్రషర్ మనిషి కాబట్టి పెద్దదే పడింది.

"బాబాయ్, కంకర మీద నీళ్లు చల్లే పైపులు పెడదాం" అన్నాడు ఆ సాయంత్రం.

"ముప్పై ఏళ్లుగా కొడుతున్నాం. ఈ దుమ్ము ఎవరినేం చేసిందిరా?" అని బాబాయి పావుగంట దగ్గాడు.

ఇక తనే పూనుకున్నాడు. దుమ్ము నుంచి దేన్ని కాపాడాలన్నా క్రషర్ వాళ్లకు తెలిసిన విద్య ఒక్కటే. తెల్లారేసరికి పనివాళ్లతో డాబా ఎక్కి, అరవై ప్యానెళ్ల మీదా లారీ టార్పాలిన్లు కప్పి, మూలమూలా తాళ్లు బిగించాడు.

తొమ్మిదింటికి ఫోన్‌లో ఆ రోజు యూనిట్లు సున్నా అని చూసి ఎండమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఇక ఒక్క రేణువు కూడా పడదండీ!" అన్నాడు గర్వంగా.

"ఎండ కూడా పడదు కదండీ!"

అతను సూర్యుణ్ని చూశాడు. టార్పాలిన్ చూశాడు.

"నన్ను ఇక్కడి నుంచి పంపించేయాలని ఇంత కక్షేంటండీ మీకు?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కక్షా? మీరెళ్లిపోతే నేనేమైపోవాలండీ!"

మాట జారిపోయింది. పనివాళ్లు చెవులు రిక్కించారు. ఎండమ్మ మొహం ఎర్రబడింది.

"అది తర్వాత మాట్లాడదాం. ముందు తాళ్లు విప్పండి!"

మేనేజర్ ఫోన్ చేసి క్రషర్ ఆపించాడు. పనివాళ్లంతా తడిగుడ్డలతో ప్యానెళ్లు తుడిచారు. మధ్యాహ్నానికి బాబాయి డాబా ఎక్కాడు.

"ఎవడ్రా మిషన్ ఆపింది?"

"నేనే బాబాయ్."

బాబాయి తిట్టడానికి ఊపిరి పీల్చాడు. అందరూ దగ్గు కోసం చూశారు. రాలేదు. మళ్లీ పీల్చి చూశాడు. అప్పుడూ రాలేదు.

"ఆ పైపులేవో పెట్టించరా" అన్నాడు మెల్లగా. తర్వాత ఎండమ్మ వైపు తిరిగాడు. "పొట్లాల అమ్మాయివి నువ్వేనా? మావాడికి తెలివి కాస్త తక్కువమ్మా. మనసు మాత్రం మంచిది. చూసుకో."

సాయంత్రం మీటరు రెండు వేల మూడు దగ్గర ఆగింది.

పైపులు పెట్టిన మర్నాడు, సరిగ్గా తొమ్మిదింటికి, బల్ల మీద పొట్లం పడింది. మేనేజర్ కంగారుగా విప్పాడు.

"ఇందులో ఏమీ లేదండీ."

"తెలుసు. ఇవాళ ఏమీ పడలేదు."

"మరి ఎందుకొచ్చారు?"

ఎండమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తర్వాత మాట్లాడదాం అన్నాను కదా. ఇప్పుడు చెప్పండి."

మేనేజర్‌కి మళ్లీ పాత నవ్వు జబ్బు తిరగబెట్టింది. ఈసారి అది ఆమెకు కూడా అంటుకుంది.