మూత బిగించిన సీసా

ఆమె డిటెక్టివ్ ఇంటి గుమ్మంలోనే కూలబడింది. కొండమీది బంగళా వాచ్‌మన్ భార్య.

"పెద్దయ్యగారిని బాల్కనీలోంచి తోసేశాడని మా ఆయన్ని పట్టుకెళ్ళారండీ. పొద్దున కొండమీద వాళ్ళిద్దరే ఉన్నారట. పడిపోయినాయన నోట్లో నీళ్ళు పోస్తుంటే చూశారట, అదే సాక్ష్యమట. అయ్యగారికింకా స్పృహ రాలేదు. ఆయనకేమన్నా అయితే మా ఆయన గతేంటండీ?"

డిటెక్టివ్ ఒకప్పుడు సైన్సు పాఠాలు చెప్పినవారు. అందుకే ఊరంతా మాస్టారనే పిలుస్తారు. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారంటే కేసు తేలినట్టేనని అసిస్టెంటు నమ్మకం.

పెద్దాయనకు మిగిలింది మేనల్లుడొక్కడే. కొండ దిగువన మందుల షాపు అతనిది. మాస్టారు ఇన్‌స్పెక్టర్నీ, అసిస్టెంటునీ, ఆమెనీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు.

"బంగళాని వాచ్‌మన్ పేర రాస్తానన్నారట మీ మావయ్య?"

"ఆయన ఆస్తి, ఆయనిష్టం." మేనల్లుడు మాట్లాడుతూనే టానిక్ సీసా మూత బిగించాడు. తర్వాత జిగురు సీసాది, ఆ తర్వాత మాస్టారు కౌంటరు మీద పెట్టిన పెన్నుది.

"పొద్దున కొండెక్కారా?"

"షాపు దాటలేదండీ. ఇదిగో, ఈ నీళ్ళసీసా పొద్దున్నే కొన్నాను. ఇక్కడే తాగాను, ఇక్కడే మూతపెట్టాను."

ఆ ఖాళీ ప్లాస్టిక్ సీసా ఎవరో పిండినట్టు సొట్టలు పడి ఉంది. మాస్టారు దాన్ని ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చారు. "మూత ముట్టుకోకండి. అందరం పైకి వెళ్దాం."

ఘాట్ రోడ్డు సగం ఎక్కేసరికి అసిస్టెంటు చెవులు మూసుకుపోయాయి. కింద కొన్న చిప్సు ప్యాకెట్ అతని ఒళ్ళో పగిలేలా ఉబ్బింది.

"ఇందులోకి గాలెలా వచ్చిందండీ?"

"కొత్తగా ఏమీ రాలేదు. పైకెక్కేకొద్దీ బయటి గాలి పల్చబడి, నొక్కడం తగ్గింది."

వెనక సీట్లో మేనల్లుడు ఇన్‌స్పెక్టర్ చేతిలోని సీసానే చూస్తున్నాడు. వాచ్‌మన్ భార్య కొంగు నలుపుతూ కూర్చుంది.

బాల్కనీలో మాస్టారు సీసాను పిట్టగోడ మీద నిలబెట్టారు. అసిస్టెంటు వంగి చూశాడు. ఒక్క సొట్ట కూడా లేదు.

"మూత తియ్యండి, ఇన్‌స్పెక్టరుగారూ."

మూత ఊడింది. చిన్న చప్పుడు కూడా రాలేదు.

"కింద మూతపెట్టిన సీసా అయితే ఇక్కడ ఆ ప్యాకెట్ లాగే బిర్రుగా ఉండాలి, తీస్తే సుయ్యిమనాలి. లోపలి గాలీ, ఈ కొండమీది గాలీ సమానంగా ఉన్నాయంటే మూత పడింది ఇక్కడే. కిందికి దిగాక అక్కడి గాలి దీన్ని నొక్కేసింది."

"ఎవరో నలిపుంటారు," అన్నాడు మేనల్లుడు.

"గట్టిగా బిగించిన సీసా నలిపినా వదలగానే పొంగుతుంది. పొద్దున కొన్నారు, మీరే తాగారు, మీరే మూతపెట్టారు. మీ నోటితోనే చెప్పారు. మూత కనిపిస్తే బిగించకుండా ఉండలేరు మీరు."

మేనల్లుడు పిట్టగోడ పట్టుకుని కిందికి చూశాడు.

"నేను తోస్తే పడ్డ మావయ్య మంచినీళ్ళడిగాడు. సీసాలో సగం ఉన్నాయి. నాకూ నోరెండిపోయింది. నేనే తాగేశాను."

వాచ్‌మన్ భార్య బావురుమంది. ఇన్‌స్పెక్టర్ మేనల్లుడి చేతులకు సంకెళ్ళు వేశాడు.

"పెద్దాయనకు నీళ్ళు పోసినవాడు మీ లాకప్పులో ఉన్నాడు," అన్నారు మాస్టారు. "ముందు అతన్ని ఇంటికి పంపండి."