మూడో తప్పు పాస్‌వర్డ్

పరుగు!

తడి మెట్లు. చీకటి. ఆమె చేతిలో ఫోను.

ఆ ఫోను ఆమెది కాదు... గుండుది!

గుండు అంటే ఏజెంటు పెట్టుకున్న కాపలా మనిషి. తల మీద ఒక్క వెంట్రుక లేదు, తల లోపల కూడా పెద్దగా సరుకు లేదు. లాండ్రీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కుస్తీ వీడియో చూస్తున్నాడు. ఆమె వెళ్ళింది. చేతిలోంచి లాక్కుంది. పరిగెత్తింది. ప్లాన్ మొత్తం అంతే.

"ఏయ్! ఆగు! ఆగవే!"

వెనక బూట్ల చప్పుడు.

ఆగుతుందా? చచ్చినా ఆగదు.

పరిగెడుతూనే బొటనవేలు స్క్రీన్ మీద కదుపుతోంది. స్క్రీన్ ఆరిందంటే లాక్ పడుతుంది. లాక్ పడితే ఈ పరుగంతా దండగ.

సాయంత్రం ఇస్త్రీ బల్ల దగ్గర డ్యూటీ దిగి ట్రంకుపెట్టె తెరిచింది. బట్టల అడుగున దాచుకున్న కార్డు లేదు. స్వదేశంలోని బ్యాంకు కార్డు! భర్త పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది. క్రేను ఎక్కిన మనిషి మళ్ళీ దిగలేదు. ఆ డబ్బులో ఆమె ఇంతవరకు రూపాయి ముట్టుకోలేదు. తిరిగి వెళ్ళి సొంతంగా ఒక లాండ్రీ పెట్టుకోవాలి. ఇంకెవడి కిందా చెయ్యి చాచకుండా బతకాలి. ఉన్న ఆశ అదొక్కటే.

వెళ్దామంటే పాస్‌పోర్టు ఏజెంటు దగ్గర ఇరుక్కుంది. ఆమెదే కాదు, లాండ్రీలో పనిచేసే వాళ్ళందరివీ వాడి బిస్కెట్ డబ్బాలోనే ఉన్నాయి. సొంత ఫోను కూడా ఎవరి దగ్గరా ఉండనివ్వడు.

ఇప్పుడు కార్డు కూడా పోయింది. ఎవడు తీశాడో వేరే చెప్పాలా?

ఇక్కడ రాత్రయితే అక్కడ పొద్దున. బ్యాంకు షట్టరు ఇప్పుడే లేచి ఉంటుంది. అందుకే ఇప్పుడు. ఇప్పుడే!

వీధి చివర పార్కింగ్. ర్యాంపు దిగింది. మూలన పంపు గది. దూరి తలుపు వేసుకుంది. ఊపిరి అందడం లేదు.

యూనిఫాం కాలరు తిప్పింది. బట్టలకి గుర్తులు వేసే పెన్నుతో లోపలివైపు రాసుకున్న నంబరు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

నొక్కింది. రింగ్... రింగ్...

"నమస్కారం, చెప్పండి." ఆడగొంతు. బ్రాంచి మేనేజరు.

"మేడమ్, నా కార్డు దొంగతనం చేశారు! నా ఖాతా ఆపెయ్యండి!" పేరు, ఖాతా నంబరు గబగబా అప్పచెప్పింది.

"కంగారు పడకండమ్మా. కానీ మీరు చేస్తున్న ఈ నంబరు మా దగ్గర లేదు. మాట్లాడేది మీరేనని నాకు తెలియాలి కదా! ఖాతాలో ఉన్న నంబరుకి ఓటీపీ పంపుతాను. అది చెప్పండి, ఈ క్షణమే ఆపేస్తాను."

ఓటీపీ!

ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఖాతా తెరిచిన రోజు ఆమెకి సొంత ఫోను లేదు. కాగితంలో ఫోన్ నంబరు గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పక్కనే ఉన్న మరిది "నాది రాసెయ్ వదినా, మనలో మనకేంటి" అన్నాడు. రాసేసింది. గ్యాసు బండ దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ఆ ఇంట్లో అన్నిటికీ అదే నంబరు.

"అది మా మరిదిదండీ. అతన్ని అడిగి చెప్తాను."

"త్వరగా చెయ్యండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పకండి. విదేశాల్లో ఉన్నవాళ్ళ ఖాతా కాబట్టి, మూడుసార్లు తప్పు కొడితే దానంతట అదే మూసుకుపోతుంది. తర్వాత మీరు స్వయంగా వచ్చి నా ఎదురుగా సంతకం పెడితేగానీ తెరవం."

పైన బూట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. వెతుకుతున్నాడు.

మరిది నంబరు నొక్కింది.

"హలో?"

"చిన్నోడా! నేనురా!"

పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేనాటికి వాడు నిక్కర్లేసుకుని తిరిగేవాడు. తల్లి లేని పిల్లాడు. అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే రాత్రంతా పక్కనే కూర్చుంది. ఇప్పుడు మీసాలొచ్చాయి. అయినా ఆమె నోటికి చిన్నోడే.

"వదినా? ఈ నంబరేంటి? ఎక్కడున్నావ్?"

"అవన్నీ తర్వాత! బ్యాంకు నుంచి ఓటీపీ వస్తుంది. చెప్పు!"

"చెప్తా, చెప్తా. ముందు నువ్వెక్కడున్నావో చెప్పు. భయమేస్తోంది నాకు."

"వీధి చివర పార్కింగ్‌లో. పంపు గదిలో."

"సరే. అక్కడే ఉండు. కదలొద్దు. నేనే చేస్తా."

కట్.

ఎదురు చూసింది. బొటనవేలు స్క్రీన్ మీద కదుపుతూనే ఉంది.

ఫోను మోగలేదు...

తలుపు తెరుచుకుంది!

టార్చి వెలుగు సూటిగా కళ్ళలోకి. గుమ్మంలో ఏజెంటు, చెవి దగ్గర ఫోను. టార్చి వెనక గుండు పళ్ళన్నీ కనిపిస్తున్నాయి.

"పంపు గది చల్లగా ఉందా?"

ఆమె చేతిలోని ఫోను వైపు చూసింది. గుండు వైపు కాదు.

పంపు గది అన్న మాట ఆమె ఒక్కడికే చెప్పింది!

*

లాండ్రీ పైన ఏజెంటు గది. బల్ల మీద ల్యాప్‌టాప్. పక్కన ఆమె కార్డు. దాని పక్కన తుపాకి.

"కూర్చోమ్మా" అన్నాడు ఏజెంటు. వాడెప్పుడూ అమ్మా అనే పిలుస్తాడు. జీతం కోసేటప్పుడు కూడా. "యూజర్ ఐడీ ఉంది. కార్డు ఉంది. ఓటీపీ చెప్పే మనిషి ఉన్నాడు. నువ్వు పాస్‌వర్డ్ ఒక్కటి చెప్తే, నీ పాస్‌పోర్టు నీ చేతిలో పెడతా."

"నువ్వు దొంగవి" అంది ఆమె.

నిన్నటిదాకా ఏజెంటుగారూ అని పిలిచిన నోరు. ఆ 'గారు' ఇవాళ పంపు గదిలోనే రాలిపోయింది.

తుపాకి లేచింది. చల్లటి గొట్టం కణతకి ఆనింది.

"పాస్‌వర్డ్!"

భయం లేదా? ఉంది. కానీ ఆ భయం పక్కనే మేనేజరు మాట కూడా ఉంది. మూడుసార్లు.

"మా ఆయన పేరు. చివర ఒకటి, రెండు, మూడు."

టకటకా కొట్టాడు. ఎర్ర అక్షరాలు. తప్పు!

"మొదటిది పెద్దక్షరం అనుకుంటా..."

మళ్ళీ కొట్టాడు. ఎర్ర అక్షరాలు. తప్పు!

ఏజెంటు వేళ్ళు ఆగాయి. మెల్లగా తలెత్తాడు. వాడు గుండులాంటి వాడు కాదు.

"నాతోనా నాటకాలు? ఇంకోటి తప్పయితే లాకవుతుందని నాకు తెలీదనుకున్నావా?"

ఫోన్ తీశాడు. నంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు.

"ఏరా, మీ వదిన చెప్పట్లేదు. నువ్వు మాట్లాడు."

స్పీకర్లోంచి ఆ గొంతు.

"వదినా... చెప్పేయ్."

అనుమానం నిజమైంది. అయినా ఆ గొంతు వినగానే ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకుంది.

"ఎందుకురా?"

"ఇక్కడ నాకేముంది వదినా? నాకూ వీసా ఇప్పిస్తానన్నాడు. సగం నాకు ఇస్తాడు. నీకూ కొంత ఇస్తానన్నాడు కదా!"

"నా డబ్బులో నాకు కొంత ఇస్తాడా? అబ్బో! ఎంత ధర్మప్రభువురా!"

గుండు కిసుక్కున నవ్వాడు. ఏజెంటు చూసిన చూపుకి నోరు మూశాడు.

"నాకు తెలుసు" అంది స్పీకర్లోని గొంతు. "అన్నయ్య ఫోనుకీ, బీరువా తాళానికీ, అన్నిటికీ ఒకటే పెట్టుకునేవాళ్ళు. వాళ్ళ పెళ్ళిరోజు. అది కొట్టు."

తేదీ చెప్పాడు. ఏజెంటు ఒక్కొక్క అంకె కొడుతున్నాడు.

"వద్దు!" ఆమె కెవ్వున అరిచింది. "అది కొట్టొద్దు! నీ కాళ్ళు పట్టుకుంటాను, కొట్టొద్దు!"

బల్ల మీద పడింది. ల్యాప్‌టాప్ లాగబోయింది. గుండు జుట్టు పట్టి వెనక్కి గుంజాడు.

ఏజెంటు మొహం వెలిగిపోయింది. "దొరికిందిరా!"

నొక్కాడు.

చక్రం తిరిగింది... తిరిగింది...

ఎర్ర అక్షరాలు!

"ఖాతా మూసివేయబడింది. ఖాతాదారు స్వయంగా బ్రాంచికి రావలెను."

ఏజెంటు మళ్ళీ నొక్కాడు. అవే అక్షరాలు.

ఆమె లేచి జుట్టు ముడి వేసుకుంది. ఇందాక కాళ్ళు పట్టుకుంటానన్న మనిషి ఈమేనా అన్నట్టు చూస్తున్నాడు గుండు.

"చిన్నోడా, విన్నావా? ఇప్పుడు చెప్తా, ఇంక దాచాల్సిన పని లేదు. పాస్‌వర్డ్ 'చిన్నోడు'. పక్కన నీ పుట్టినరోజు."

ఆమె స్పీకర్ మీదకి వంగింది.

"తాళానికి కూడా నీ పేరే పెట్టుకున్నాను. మా పెళ్ళిరోజు దాకా వెతికావు. నీది నీకు తట్టనే లేదు కదరా."

"వదినా..."

"అలా పిలవకు."

తనే చెయ్యి చాచి కాల్ కట్ చేసింది. ఇప్పుడొచ్చాయి కన్నీళ్ళు. తుడుచుకోలేదు.

తుపాకి మళ్ళీ లేచింది.

"చంపేస్తా!"

"చంపు. శవంతో సంతకం పెట్టిస్తావా? డబ్బు కావాలంటే నేను అక్కడికి వెళ్ళాలి. వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. ముందు అది తియ్!"

వాడు పళ్ళు కొరికాడు. సొరుగు లాగి బిస్కెట్ డబ్బా బల్ల మీద పడేశాడు. మూత తీసి గెలికి, ఆమె పాస్‌పోర్టు గుండు మీదకి విసిరాడు.

"పొద్దున ఫ్లైటుకి దీన్ని తీసుకెళ్ళు. సంతకం పెట్టించు. డబ్బు తీయించు. పక్కనుంచి కదిలావో, నీ తోలు తీస్తా!"

టికెట్ల కోసం ఫోనులో అరుస్తూ పక్క గదిలోకి పోయాడు.

డబ్బా మూత తెరిచే ఉంది.

గుండు బుర్ర గోక్కున్నాడు. విమానమంటే వాడికి పెళ్ళికి పోయినంత సంబరం.

"ఏయ్, నా చొక్కాలు ఇస్త్రీ చెయ్యి. నీట్‌గా ఉండాలి."

"అట్టలు పెట్టి మడత పెట్టనా? సంచిలో నలగవు."

"పెట్టు, పెట్టు!"

గోడవైపు తిరిగి కుస్తీ వీడియో ఆపిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆమె మూలనున్న ఇస్త్రీపెట్టె వేడి చేసింది. ఇన్నేళ్ళలో ఇంత ఇష్టంగా ఎవరి చొక్కాలూ మడత పెట్టలేదు.

*

ఎయిర్‌పోర్టు. పొడవాటి క్యూ. నేల మీద పసుపు గీత.

గుండు ఆమె భుజానికి భుజం ఆనించి నడుస్తున్నాడు. పాస్‌పోర్టు వాడి జేబులో ఉంది.

"నోరెత్తావో..."

"ఎత్తనులే."

గీత దగ్గర యూనిఫాం మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్కొక్కరే!"

గుండు మెలికలు తిరిగాడు. వేరే దారి లేదు. పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె గీత దాటింది.

కౌంటర్ వెనక అధికారి. "ఒంటరిగా వెళ్తున్నారా?"

ఆ దేశపు భాషలో వచ్చిన నాలుగు ముక్కల్లోనే చెప్పింది. గట్టిగా చెప్పింది. గీత అవతలి దాకా వినపడేలా!

"లేదు సార్! ఆ గుండు మనిషి నన్ను బలవంతంగా తీసుకెళ్తున్నాడు. మా లాండ్రీ వాళ్ళందరి పాస్‌పోర్టులూ వాడి సంచిలో ఉన్నాయి!"

తలలన్నీ తిరిగాయి. ఇద్దరు గార్డులు గుండుని చుట్టుముట్టారు.

గుండు ముందు బిత్తరపోయాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"పాస్‌పోర్టులా? నా దగ్గరా? నా చొక్కాలు తప్ప ఏం లేవు సార్! చూస్కోండి!"

వాడే జిప్పు లాగాడు. వాడే పైచొక్కా తీసి దులిపాడు.

టప్!

అట్ట పడాల్సిన చోట పాస్‌పోర్టు పడింది.

గార్డు ఇంకో చొక్కా విప్పాడు. టప్! ఇంకోటి. టప్! వంటవాడిది, బట్టలు ఉతికే అక్కాచెల్లెళ్ళవి, వ్యాను తోలేవాడిది. ప్రతి మడతలోనూ ఒక మనిషి బయటపడ్డాడు.

గుండు నోరు తెరిచి ఆమె వైపు చూశాడు. పరుగందుకున్నాడు! నాలుగడుగులు కూడా పడలేదు. ఇద్దరు గార్డులు మీద పడి నేలకి అదిమేశారు. వాడి జేబులో ఫోను మోగుతోంది. స్క్రీన్ మీద ఏజెంటు పేరు.

అధికారి ఆ ఫోను అందుకున్నాడు. లాండ్రీ ఎక్కడో ఆమె చెప్పింది. పోలీసు బళ్ళు బయల్దేరాయి.

సాయంత్రం దాకా వాంగ్మూలం రాయించుకున్నారు. ఏజెంటు దొరికాడని కబురొచ్చాక, వేరే విమానంలో ఆమెకి సీటు ఇప్పించారు.

మళ్ళీ అదే కౌంటర్. అదే అధికారి. ముద్ర పైకెత్తి ఆగాడు.

"ఇంత జరిగింది. రెండు రోజులు ఆగి వెళ్ళొచ్చుగా? అక్కడ అంత అర్జెంటు పనేంటమ్మా?"

ఆమె కాలరు సర్దుకుంది.

"బ్యాంకులో ఫోన్ నంబరు మార్పించాలి సార్."

ముద్ర పడింది. టప్!