పక్కగదిలో నొప్పులు

మా నర్సింగ్ హోమ్ ఒకప్పుడు బెల్లం గోదాము. చోడవరంలో పాత కట్టడం ఏది చూపించినా ఒకప్పుడు బెల్లం గోదామే అంటారు. ఎన్ని పూతలు సున్నం వేసినా వానలు పట్టాయంటే గోడలు చెమర్చి తీపి వాసన కొడతాయి, చీమలు బారులు కడతాయి. ఆ వాసన, డెట్టాల్ వాసన కలిసి నా చీరలకి పట్టేసేవి. సెలవుకి అనకాపల్లి వెళ్తే మా అమ్మ, "లతీఫా, ఆస్పత్రి నుంచి వస్తన్నావా, బెల్లం అంగడి నుంచి వస్తన్నావా" అని ఏడిపించేది.

రోగులకి ఒక హాలు, ఒక కాన్పుల గది, దాని పక్కన తాళం వేసిన ఇంకో గది. అదే పాత కాన్పుల గది. నేను నర్సుగా చేరకముందు మాడుగుల వైపు నుంచి ఒకావిడని అందులో చేర్చారట. నొప్పులు మధ్యలో నిలిచిపోయాయట. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి జీపు కోసం చూస్తూ చూస్తూ, కడుపులో బిడ్డతోనే పోయిందట. ఆ ఇనప మంచం లోపలే వదిలేసి తలుపు మూసేశారు. ఇదంతా ఆయా చెప్పింది. విన్నాను గానీ భయపడలేదు. నర్సులకి చచ్చిపోయినవాళ్ళ కంటే బతికున్నవాళ్ళ బంధువులంటేనే ఎక్కువ భయం.

కార్తీకంలో తుపాను పట్టింది. మా సత్యారావు డాక్టరుగారు విశాఖపట్నం వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఆయా రాలేదు. కరెంటు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకే లాంతరు వెలిగించాల్సి వచ్చింది. ఉన్న ఇద్దరు రోగులూ పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఇక మిగిలింది నేను, ముందురోజు చీడికాడ నుంచి వచ్చిన చిన్నతల్లి, ఆమె భర్త పరదేశి, అత్త అసిరమ్మ.

చిన్నతల్లికి తొలిచూలు. బక్కపలచని పిల్ల, కడుపు మాత్రం నిండుకుండ. పొద్దున్న నొప్పులు బాగానే వచ్చాయి. నేను ట్రైనింగులో నేర్చుకున్నట్టే చార్టు మొదలుపెట్టాను. ఆ చార్టు మీద రెండు ఏటవాలు గీతలుంటాయి. బిడ్డకి దారి ఎంత తెరుచుకుందో చూసి గుర్తు పెడుతూ పోవాలి. గుర్తులు మొదటి గీత దాటితే జాగ్రత్తపడాలి. రెండోది దాటితే ఇంక ఆలోచించకుండా ఆపరేషనుకి పంపెయ్యాలి. కడుపు మీద చెయ్యి వేసి నొప్పి బలం చూడాలి. బూర లాంటి అల్యూమినియం గొట్టం ఒకటుంటుంది, దాన్ని కడుపుకి ఆనించి, చెవి పెట్టి బిడ్డ గుండె వినాలి.

గుండె బాగా కొట్టుకుంటోంది. మధ్యమధ్యలో మాత్రం చిన్న తడబాటు. పరిగెత్తే పిల్లాడి కాలికి రాయి తగిలి, మళ్ళీ సర్దుకున్నట్టు. చాలామంది బిడ్డలకి అలాగే ఉంటుంది. ఆ చప్పుడు నాకు ముద్దొచ్చింది కూడా.

మధ్యాహ్నానికి నా గుర్తులు మొదటి గీత దాటాయి. నొప్పులొస్తున్నాయి, దారి మాత్రం తెరుచుకోవడం లేదు. పరదేశిని జీపు కోసం పంపాను. తడిసి ముద్దై తిరిగొచ్చాడు.

"గోవాడ కాడ రోడ్డు మీద నీళ్ళంటమ్మా. జీపోళ్ళెవలూ రానంటన్నారు."

"ట్రాక్టరైనా సూడు బాబూ. ఈ పిల్లని అనకాపల్లి చేర్చకపోతే ఇద్దరూ దక్కరు."

అలా మొహం మీద చెప్పకూడదు. కానీ నా దగ్గర వేరే మాట లేదు. వాడు మళ్ళీ వానలోకి పరిగెత్తాడు.

అప్పటికే అసిరమ్మ కోడలి జడ విప్పేసింది. మొలతాడు తెంపేసింది. తన కొంగుముడి, సంచి ముడి, చివరికి కిటికీకి కట్టిన తాడు కూడా విప్పేసింది. కాన్పు అడ్డం తిరిగితే ఇంట్లో ముడులన్నీ విప్పాలి, తాళాలన్నీ తియ్యాలి. ఈ చుట్టుపక్కల అందరూ చేసేదే. మా నానమ్మ కూడా మా అందరి జడలూ విప్పించి కూచోబెట్టేది.

"సిస్టరమ్మా, ఇక్కడెక్కడో తాళం ఉండిపోనాది. అందుకే కడుపులో గుంటకి దారి రావట్నేదు. గుత్తి ఇయ్యమ్మా."

హాని లేని ఆచారమే కదా, ముసలమ్మ చేతులకి పనైనా దొరుకుతుంది అని తాళాలగుత్తి ఇచ్చేశాను. అందులో ఏ తాళంచెవులున్నాయో ఆ హడావుడిలో నాకు తట్టలేదు.

మందుల బీరువా తెరుచుకున్న చప్పుడు. డాక్టరుగారి బల్ల సొరుగు. స్టోరు తలుపు. తర్వాత చాలాసేపు ఒక తుప్పు తాళంతో పెనుగులాట... కిర్రుమని తలుపు.

వాసన వచ్చింది. పులిసిపోయిన బెల్లం వాసన. దాని వెనకాల, కాన్పుల గదిలో పనిచేసేవాళ్ళకి బాగా తెలిసిన ఉమ్మనీటి వాసన. చిన్నతల్లికి ఉమ్మనీరు ఇంకా పోలేదు.

అసిరమ్మ వచ్చి కోడలి తల దగ్గర నిలబడింది. నా అరచెయ్యి చిన్నతల్లి కడుపు మీదుంది. నొప్పి మొదలైంది. కడుపు గట్టిపడుతోంది, పడుతోంది... ఉన్నట్టుండి మెత్తగా జారిపోయింది.

పక్కగదిలో ఎవరో మూలిగారు.

చిన్నతల్లి నోరు మూసుకునే ఉంది. అసిరమ్మ నన్ను చూసింది.

"ఎవలమ్మా అక్కడ?"

"గాలి, మామ్మా."

మళ్ళీ నొప్పి. మళ్ళీ సగంలో జారిపోయింది. మళ్ళీ పక్కగదిలో మూలుగు, ఈసారి పళ్ళు బిగబట్టి. మూడోసారి నా చేతి కింద నొప్పి మొదలవనే లేదు. అవతల మాత్రం వచ్చింది. ఇనప మంచం కిచకిచలాడింది.

బూర ఆనించి చెవి పెట్టాను. చిన్నతల్లి గుండె వినిపించింది. బిడ్డది... లేదు. జరిపాను. నాభి కింద, ఎడమ పక్క, కుడి పక్క. లేదు. చిన్నతల్లి పెదాలు తెల్లబడ్డాయి.

"అక్కా, కదల్టం నేదు," అంది. "ఇందాక కదిలేడు. ఇప్పుడు నేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నన్నే నమ్ముకుని పడుకుంది. నా చేతిలో చూస్తే ఒక గొట్టం, ఒక కాగితం. జీపు లేదు, డాక్టరు లేడు. యా అల్లా అనుకుంటూ లేచి, ఆ తలుపు మూసెయ్యడానికి పరిగెత్తాను. అసిరమ్మ వెనకే వచ్చి నా రెక్క పట్టుకుంది.

"మూసీకమ్మా. మూస్తే గుంట దారి మూసుకుపోద్ది. నీ కాళ్ళట్టుకుంటాను."

ముసలమ్మ నిజంగానే వంగబోయింది. మూసే ధైర్యం నాకూ చాలలేదు. అందుకని లోపలికే వెళ్ళాను.

లాంతరు వెలుగు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మంచం మీద పరుపు లేదు, ఉత్త పట్టీలే. వాటి మీద మోకాళ్ళు ముడుచుకుని ఎవరో పడుకున్నారు. మొహం గోడ వైపుంది. జుట్టు కింద దాకా వేలాడుతోంది. నేల తడి.

ఏ ధైర్యమో తెలీదు, చేతికి అలవాటే అయ్యుండాలి. వెళ్ళి కడుపు మీద చెయ్యి వేశాను. బావిలో రాయంత చల్లగా ఉంది. నా చేతి కింద గట్టిపడింది. బలమైన నొప్పి. మంచి నొప్పి. చిన్నతల్లికి రావాల్సిన నొప్పి.

బూర ఆనించాను. చెవి పెట్టాను.

గుండె... గబగబా, బలంగా. మధ్యలో చిన్న తడబాటు.

"అక్కా," అన్నాను. "అక్కా, ఇది నీ బిడ్డ కాదు. అవతల ఆ పిల్ల సచ్చిపోతంది. వదిలీ."

తర్వాత గోడ వైపు నుంచి గుసగుస.

"జీపొచ్చిందా?"

ఇన్నాళ్ళూ ఈ మంచం మీద దాని కోసమే చూస్తోంది.

"వచ్చిందక్కా. బయటుంది. నువ్వు పద."

"బిడ్డ..."

"బిడ్డని ఇక్కడ వదిలీ. నేను సూసుకుంటాను."

నా చేతి కింద కడుపు మెల్లగా అణిగిపోయింది. చెయ్యి మంచం పట్టీల మీద పడింది. ఎవరూ లేరు. అదే క్షణాన అవతల చిన్నతల్లి పెట్టిన కేకకి గోదాము గోడలు అదిరాయి.

నేను వెళ్ళేసరికి తల కనిపిస్తోంది. ఆడపిల్ల. నీలంగా వచ్చి, వీపు రుద్దగానే ఏడ్చింది. అసిరమ్మ నేల మీద కూలబడి దండాలు పెడుతోంది. నేను బొడ్డు కోసి, పిల్లని తల్లి పక్కలో పెట్టి, గుత్తి లాక్కుని పరిగెత్తాను. ఆ గదికి తాళం వేసేశాను. రెండుసార్లు లాగి చూశాను.

తర్వాత పిల్ల ఛాతీకి చెవి ఆనించాను.

ఊపిరి ఉంది. ఏడుపు ఉంది. ఒళ్ళు వెచ్చగా, ఎర్రగా ఉంది. గుండె చప్పుడు లేదు. వాన హోరులే అనుకుని బూర పెట్టాను. లేదు. పిల్ల మాత్రం కళ్ళు తెరిచి నా వైపు చూస్తోంది.

అప్పుడు నేనన్న మాట గుర్తొచ్చింది. ఆ గదిలో నిలబడి, ఇక్కడ వదిలీ అన్నాను.

తాళం వేసిన తలుపు దగ్గరికి వెళ్ళి, బూర ఆనించి విన్నాను. ఉంది. గబగబా... చిన్న తడబాటు... మళ్ళీ గబగబా. తలుపు తీస్తే అది పిల్లలోకి వస్తుందో, వానలోకి పోతుందో చెప్పేవాళ్ళు లేరు. నేను తియ్యలేదు. ఇప్పటికీ తియ్యలేదు. ఆ తాళంచెవి నా తాయెత్తుతో పాటే మెడలో ఉంటుంది. ఇంకో ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చినా వెళ్ళలేదు.

పిల్ల పెరిగింది. పరుగులు పెడుతుంది. మాటలకి అంతు లేదు. ఇవాళ దగ్గు మందు కోసం చిన్నతల్లి తీసుకొచ్చింది. డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి, తీసి, ఊది, మళ్ళీ పెట్టారు.

"ఇది పాడైనట్టుంది లతీఫా. రెండోది పట్రా."

రెండోది ఇచ్చాను. దాన్నీ వేలితో కొట్టి చూసుకుంటుంటే, మేస్త్రీ వచ్చాడని పిలుపొచ్చింది. ఆయన లేచి వెళ్ళిపోయారు. స్కానింగ్ మిషను కొంటున్నారు. కడుపులో బిడ్డ తెర మీద కనిపిస్తుందట, ఇక బూరతో పని లేదట. దానికోసం పాత గది పడగొట్టిస్తున్నారు. వద్దని వారం రోజులుగా కాళ్ళావేళ్ళా పడుతున్నాను. నవ్వి ఊరుకుంటున్నారు.

పిల్ల హాల్లో బెంచీ మీద కూచుని కాళ్ళు ఊపుకుంటోంది. మేస్త్రీ ఆ గది గోడ ఎంత గట్టిగా ఉందో చూద్దామని, సుత్తితో ఒక దెబ్బ వేశాడు.

పిల్ల కాళ్ళు ఊపడం ఆపి, ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

"ఏటే?" అంది చిన్నతల్లి.

"అమ్మా, ఎవలో కొట్టేరు," అంది పిల్ల.

మేస్త్రీ సుత్తి మళ్ళీ ఎత్తాడు.